అరగని కానుకలు, అరిగే గంటెలు

మా వరంగల్‌లో సభ ఏదైనా కానివ్వండి, చివర్లో వేదిక మీదికి ఒక అట్టపెట్టె రావాల్సిందే. పుస్తకావిష్కరణ, పదవీ విరమణ, స్కూలు వార్షికోత్సవం, కులసంఘం సన్మానం, దేనికైనా ఆ పెట్టెలో ఉండేది ఒకటే: నల్లటి పీట మీద బంగారు రంగు కాకతీయ తోరణం. పీట చెక్కలాగే ఉంటుంది, చెక్క కాదు. తోరణం ఇత్తడిలాగే మెరుస్తుంది, ఇత్తడి కాదు. కింద స్టిక్కరు మీద మన పేరు, పేరులో ఒక అచ్చుతప్పు. శాలువా కప్పి, ఫోటో దిగి, చేతిలో పెడతారు. కోటలో ఉన్న అసలు తోరణాలు నాలుగూ రాతివి, శతాబ్దాల ఎండావానా తిని నిలబడ్డాయి. ఈ పిల్ల తోరణానికి మాత్రం ఏడాది తిరక్కుండానే పైనున్న హంసల్లో ఒకటి ఊడి పడుతుంది.

ఇంటికొచ్చాక దాని ప్రయాణం మీకూ తెలిసిందే. మొదట టీవీ పక్కన, కొన్నాళ్లకు అద్దాల షోకేసులో, దసరాకు సున్నాలు వేసేటప్పుడు సజ్జ మీదికి. పారేద్దామంటే మన పేరుంది. ఇంకొకరికి ఇద్దామన్నా ఆ పేరే అడ్డం. వాడుకుందామంటే దానికో పనంటూ లేదు. ఇచ్చిన వస్తువు తీసుకున్నవాళ్ల చేతిలో తిరగాలి, తిరిగి తిరిగి అరగాలి, ఒకనాటికి అయిపోవాలి. అద్దం వెనక కూర్చుందంటే ఇవ్వనట్టే లెక్క. కట్టెతో, గింజలతో చిన్నచిన్న వస్తువులు చేసి తెలిసినవాళ్లకు ఇచ్చే అలవాటున్న మనిషిని కాబట్టి ఈ మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, సర్దుకోండి.

ఇచ్చిపుచ్చుకోవడాలకు మన దగ్గర కొదవ లేదు. ఇచ్చింది వాడుకోవడానికే కొదవ. పెండ్లిలో మా ఇంటామెకు పెట్టిన రైకముక్క మడత విప్పకుండానే ఒక సీమంతానికి పోయింది. అక్కణ్నుంచి ఏ గృహప్రవేశాలు తిరిగిందో, చివరికి మళ్లీ మా ఇంటికే వచ్చింది. కవరు మీద ధర చీటీ సగం చింపిన తీరు చూసి ఆమె గుర్తుపట్టింది. అన్ని ఇండ్లు తిరిగిన ఆ బట్టకు సూది తగల్లేదు.

ఇక చదివింపులు. ఫంక్షన్ హాలు గుమ్మంలో టేబులేసుకొని కూర్చున్న మనిషి నోటుబుక్కులో ‘ఫలానావారు, 1,116’ అని రాస్తాడు. ఆ బుక్కు బీరువాలో నగల పక్కన ఉంటుంది. వాళ్లింట్లో పెండ్లయినప్పుడు తీసి చూసి, దానికి కాస్త కలిపి రాయిస్తాం. ఇది తప్పని నేననను. లేనివాళ్లింట్లో ఆడపిల్ల పెండ్లి ఈ చదివింపుల మీదే గట్టెక్కిన సంగతి మన ఊళ్లల్లో ఎవరిని అడిగినా చెప్తారు. అదొక రకం చిట్టీ. చిట్టీని చిట్టీ అనుకుంటే ఏ గొడవా లేదు, కానుక అనుకుంటేనే గొడవ. ఆ లెక్క అరిగేది కాదు, తండ్రి పోతే కొడుకు మీదికి వస్తుంది. ఒక పెండ్లిలో నేనిచ్చిన గంటెల కట్టను చూసి రాసే పెద్దమనిషి పెన్ను ఆపి అడిగాడు, “ఎంతని రాయమంటవు సారూ?” రాయొద్దన్నాను. “రాయకుంటే ఇయ్యనట్టే గదా,” అన్నాడు. ఆయన తప్పేం లేదు, ఆయన కొలువు అది.

ఇక్కడ స్టీలు గిన్నెల గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఒకప్పుడు పెండ్లిళ్లకు స్టీలు సామాను ఇచ్చేవాళ్లు, దుకాణంలోనే చిన్న మిషనుతో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి. ‘చెల్లె పెండ్లి జ్ఞాపకార్థం, మేనబావ’ అని. ఆ గిన్నెల్లో చారు కాగింది, పెరుగు తోడుకుంది, బూడిదతో తోమీ తోమీ చుక్కలు సగం చెరిగిపోయాయి. మేనబావ పోయి ఏండ్లయినా గిన్నె వంటింట్లోనే ఉంటుంది. అది కట్టె కాదు, చేత్తో చేసిందీ కాదు. అయినా నా లెక్కలో అసలైన కానుక అదే. అందుకే ‘సహజం’ అన్న ముద్ర పడగానే వస్తువు పవిత్రమైపోతుందనుకునే వాళ్లతో నాకు పేచీ. వెదురుతో చేసినా షోకేసులోకి పోయేదైతే అదీ ప్లాస్టిక్ తోరణానికి చుట్టమే.

మన దగ్గర చేత్తో చేసేవాటిలో అన్నిటికన్నా గొప్పది బతుకమ్మ. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు. కింద వెదురు సిబ్బి, దాని మీద గుమ్మడాకులు. గునుగు కాడలన్నీ ఒకే పొడుగున కత్తిరించి, కొసలకు రంగులద్ది, వరస మీద వరస పేర్చుకుంటూ పోతుంటే మధ్యాహ్నం గడిచిపోతుంది. చేయి తిరిగిన ఆడవాళ్లు పేర్చిన బతుకమ్మ తలమీద పెట్టుకొని నడిచినా ఒక్క పువ్వు జారదు. ఇంత పనీ ఎందుకు? సాయంత్రానికి ఆడి, చీకటి పడ్డాక నీళ్లల్లో వదలడానికి. సద్దుల రోజు హన్మకొండలో పద్మాక్షి గుట్ట దగ్గర గుండంలోకి దిగే ఆ పూలను చూడండి. దాచుకోవాలని ఒక్కరికీ తోచదు. తర్వాత మలీద, నువ్వుల పొడి, పల్లీల పొడి ఒకరికొకరు చేతిలో పెట్టుకుంటారు, అవీ అక్కడికక్కడే అయిపోతాయి. మేడారంలో తల్లులకు నిలువెత్తు ‘బంగారం’ తూచి ఇస్తామే, అదీ బెల్లమే, నోట్లో వేసుకునేదే. చేసినదాన్నీ ఇచ్చినదాన్నీ వదిలేయడం మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. ఫంక్షన్ హాల్లోకి అడుగుపెట్టగానే ఎందుకు మర్చిపోతామో తెలియదు.

నేను చేసేవన్నీ చిన్నవే. గంటెలు, పప్పుగుత్తులు, అట్లు తిరగేసే అట్లకాడలు, గోడకు చిలక్కొయ్యలు, పిల్లలకు బొంగరాలు, వామనగుంతల పీటలు. చిన్నవే ఎందుకంటే, పెద్ద వస్తువు ఇస్తే వాళ్లింట్లో దానికి చోటు వెతకాలి, మనం ఎప్పుడైనా పోతే కనబడేట్టు పెట్టాలి, ఆ మొహమాటం వాళ్లకెందుకు? గంటె డ్రాయరులో పడి ఉంటుంది. నచ్చితే వాడతారు, నచ్చకపోతే పొయ్యిలో పెడతారు. ఇంకో కారణం కట్టె తరఫునుంచి. చిన్న ముక్క తొందరగా ఎండుతుంది, తక్కువ పగులుతుంది, దానికోసం చెట్టు కొట్టాల్సిన పని లేదు.

కట్టె ఎక్కడ దొరుకుతుందని అడుగుతుంటారు. వానకాలం ముందు కరెంటు తీగల కింద కొమ్మలు నరికి రోడ్డు పక్కన పోస్తారు, అందులో వేప ఉంటుంది, కానుగ ఉంటుంది. దర్వాజలు చేసే షెడ్డు దగ్గరికి పోతే టేకు ముక్కలు గోనె సంచిలో పడేసి ఉంటాయి. టేకు చూడముచ్చటగా ఉంటుంది గానీ అందులో సన్న ఇసుకలాంటి సిలికా ఉంటుంది, ఉలి పదును ఇట్టే తినేస్తుంది. జామ కొమ్మ దొరికితే వదలకండి. రాళ్లు కొట్టే గులేరుకు జామ పంగే కావాలని చిన్నప్పుడు ఎందుకు కొట్లాడుకున్నామో ఆ కట్టె చీల్చి చూస్తే తెలుస్తుంది, నార అంత దగ్గరగా, అంత జిగిగా ఉంటుంది. చింత చేవ, అంటే నడిమి గట్టి కట్టె, దాని సంగతి మటన్ దుకాణం వాళ్లను అడగండి. రోజూ కత్తి దెబ్బలు తినే ఆ మొద్దు చింతదే. చేవ ముదురు ఊదా రంగులో ఉంటుంది. మామూలు ఉలితో దాని జోలికి పోతే ఉలికే దెబ్బ.

కానీ నా ఓటు సర్కారు తుమ్మకు. 19వ శతాబ్దం చివర్లో అమెరికా ఖండాల వైపు నుంచి ఈ దేశానికి తెచ్చి నాటిన కంపచెట్టు అది. ఇప్పుడు చెరువు కట్టలూ, బీడు భూములూ, రైలు పట్టాల పక్కలూ దానివే. కాజీపేట నుంచి ఏ రైలెక్కి కిటికీలోంచి చూసినా కనబడుతుంది. రైతుకు శత్రువు, దాని ముల్లు దిగితే కాలు వారం రోజులు వాస్తుంది. దాన్ని కొడితే అడ్డుకునే మనిషి లేడు, పైగా మెచ్చుకుంటారు. దాన్నంతా బొగ్గు చేసి అమ్మేస్తాం. చేయి లావు కొమ్మను అడ్డంగా కోసి చూడండి: అంచున సన్నటి పసుపు వలయం, లోపలంతా ముదురు ఎరుపు చేవ. ఎండేకొద్దీ ఆ ఎరుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. గట్టి కట్టె, పైగా ఎండినప్పుడు కుంగేది మిగతావాటికన్నా తక్కువ, అందుకే పగుళ్లూ తక్కువే. వంకర్లు తిరిగి పెరగడం వల్ల పొడుగు చెక్క రాదు, కాబట్టి కుర్చీలకూ మంచాలకూ పనికిరాదు. బొంగరానికి, చిలక్కొయ్యకు, కత్తి పిడికి ఇంతకన్నా మంచి కట్టె డబ్బు పెట్టినా దొరకదు. ఊరంతా తిట్టుకునే చెట్టులోంచి ఒక మంచి పిడి బయటికి రావడంలో నాకొక దొంగ సంతోషం ఉంది.

అడవికి మాత్రం పోకండి. ఏటూరునాగారం, పాఖాల అభయారణ్యాలు, 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. అక్కణ్నుంచి అనుమతి లేకుండా ఏదీ తేకూడదు, ఎండు కొమ్మైనా సరే. సొంత జాగాలోనైనా చాలా రకాల చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. రాలిన కొమ్మా, నరికేసిన కొమ్మా మనకు చాలు.

ఈమధ్య కొత్త మోజు ఒకటి పుట్టింది. కొమ్మను అడ్డంగా గుండ్రటి బిళ్లలుగా కోసి, బెరడుతో సహా, టీ కప్పు కింద పెట్టుకోమని ఇవ్వడం. వలయాలు కనబడతాయి, ఫోటోకు బాగుంటుంది. రెండు నెలలకు ఆ బిళ్ల అంచు నుంచి నడిమి దాకా నోరు తెరుస్తుంది. కట్టె ఎండేటప్పుడు అన్ని దిక్కులా ఒకేలా కుంగదు. వలయాల వెంట చుట్టూ కుంగేది, నడిమి నుంచి అంచు వైపు కుంగేదానికి దాదాపు రెట్టింపు. టేకు లాంటి నెమ్మదైన కట్టెలోనే పచ్చి నుంచి పూర్తిగా ఎండేసరికి చుట్టుకొలత వెంట 5.8 శాతం, నడిమి నుంచి అంచు వైపు 2.5 శాతం తగ్గుతుంది. అంటే లోపలి మేర పెద్దగా తగ్గకుండానే చుట్టున్న పట్టీ బిగుసుకుపోతుంది. ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. ఆ పగులును అంటు రసాయనం పోసి, అందులో మెరుపుల పొడి చల్లి పూడ్చి ‘నది’ అంటున్నారు. అప్పుడది కట్టెనా ప్లాస్టిక్కా? మళ్లీ తోరణం దగ్గరికే వచ్చాం.

కొమ్మను అడ్డంగా కోయకుండా నిలువుగా చీలిస్తే ఈ బెడద సగం పోతుంది. గంటె పని మొదలయ్యేది అక్కడే. పచ్చిగా ఉన్న వేప కొమ్మ, మోచేతి లావు, జానెడున్నర పొడుగు. దాని నెత్తిన గొడ్డలి అంచు ఆనించి, వెనకనుంచి కట్టెతో ఒక్క దెబ్బ వేస్తే నార వెంట రెండుగా విచ్చుకుంటుంది. రంపంతో కోస్తే గీత తిన్నగా వస్తుంది గానీ నార మధ్యలో తెగుతుంది. అట్లాంటి గంటె కాడ ముద్దపప్పు తిప్పేటప్పుడు పుటుక్కుమంటుంది. నడిమి బెండును పూర్తిగా చెక్కేయాలి, పగులు పుట్టేది అందులోంచే. తర్వాత బాడిశతో చెక్కాలి. వేప పచ్చిగా ఉన్నప్పుడు గట్టి జున్నులా తెగుతుంది, పెచ్చులు తడిగా కాలి మీద పడుతుంటాయి, ఆ ఘాటు వాసన చేతులకు రాత్రిదాకా ఉంటుంది. గుంట తొలవడానికి గుండ్రటి ఉలి. నారకు అడ్డంగా తొలవాలి, వెంట తొలిస్తే ఉలి లోపలికి పరుగెత్తి అడుగు చిల్లు పడుతుంది. ఆకారం వచ్చాక పాత పేపర్లో చుట్టి, నీడలో, గాలి తగలని మూల పెట్టాలి. మా ఎండాకాలంలో బయట పెట్టారా, సాయంత్రానికే టప్పుమని చప్పుడు వినబడుతుంది.

ఎండాక ఉప్పు కాగితం. నున్నగా రుద్ది ఇక అయిపోయిందనుకున్నాక ఒకసారి నీళ్లలో ముంచి తీయండి. ఆరేసరికి ఆ నున్నటి కట్టె మీద గడ్డం మొలిచినట్టు నూగు లేస్తుంది. పడుకున్న నార నీళ్లు తగిలి లేచింది. మళ్లీ రుద్దాలి, మళ్లీ ముంచాలి. నూగు లేవడం మానేదాకా ఇదే పని. ఈ మెట్టు వదిలేసి ఇచ్చిన గంటె మొదటిసారి సాంబార్లో పెట్టగానే గరుకెక్కుతుంది, ఆ తర్వాత ఆ ఇల్లాలు దాన్ని ముట్టుకోదు. చేత్తో చేశాం కదా అని వంకరనీ గరుకునీ మెచ్చుకోమనడం దబాయింపు.

వార్నిష్ వద్దు. వంటలో దిగే వస్తువుకు పైన పొర వేస్తే అది పెచ్చులుగా ఊడి కూరలోకే వస్తుంది. నూనె పట్టించాలి. అయితే ఏ నూనె అంటే ఆ నూనె కాదు. పల్లినూనె రాస్తే ఎన్నటికీ ఆరదు, జిడ్డుగా ఉండి కొన్నాళ్లకు కనరు వాసన వేస్తుంది. అవిసె నూనె గాలి తగిలి గట్టిపడుతుంది, కట్టె లోపలే పొరగా మారుతుంది. గానుగలో తీసిన, తినే అవిసె నూనె అయ్యుండాలి. రంగుల దుకాణంలో అమ్మే కాచిన నూనెలో తొందరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, అది దర్వాజలకే. పలుచగా రాసి, గంటాగి తుడిచేసి, ఎండలో పెట్టాలి. ఆ తుడిచిన గుడ్డను మాత్రం ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆరేటప్పుడు నూనెకు వేడి పుడుతుంది, ఉండ లోపల ఆ వేడి పోవడానికి దారి లేక గుడ్డ దానంతటదే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి తీగ మీద పరిచి ఆరేయాలి. చివర్లో కాస్త తేనెమైనం రుద్దితే చాలు. ఆరు నెలలకోసారి మళ్లీ నూనె రాయమని చెప్తాను, ఎవరూ రాయరు, అయినా గంటెలు బాగానే ఉన్నాయి.

ఇదంతా చూసి “నువ్వు నిర్మల్ బొమ్మలు కూడా చేయొచ్చు కదా” అని అడిగేవాళ్లున్నారు. చేయను. నిర్మల్‌లో బొమ్మలు చేసే నకాషీ వాళ్లు ఆ పనికోసం వాడే పొనికి చెట్లే తగ్గిపోయి, కట్టె దొరక్క వాళ్లే ఇబ్బంది పడుతుంటే, కాలక్షేపానికి చేసుకునే నాకు ఆ ముక్క ఎందుకు? పొనికి తేలిగ్గా, మెత్తగా ఉంటుంది, విడివిడి ముక్కలు చెక్కి చింతగింజల జిగురుతో, రంపపు పొట్టుతో అతికి, సుద్ద పూసి రంగులేస్తారు. ఆ జిగురు సంగతి మాత్రం నేను వాళ్ల నుంచి సిగ్గు లేకుండా తీసుకున్నాను. చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే వచ్చే ముద్ద అది. రంపపు పొట్టు కలిపితే చిన్న పగుళ్లకు లప్పంగా పనికొస్తుంది. చేర్యాలలో కొబ్బరి చిప్ప మీద ఇదే ముద్దతో ముక్కూ చెంపలూ పెట్టి ముఖాలు చేస్తారు. చేర్యాల 2016 దాకా మా పాత వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు సిద్దిపేటది. ఈ ముద్దకు తేమ పడదు, వానల్లో బూజు పడుతుంది. చేస్తే ఎండాకాలంలోనే చేయాలి.

నిర్మల్ బొమ్మలు షోకేసు వస్తువులే కదా, మరి వాటినేమంటావని మీరు అడగొచ్చు. అడగాల్సిందే. వాటిని షోకేసులో పెట్టింది మనమే. బొమ్మంటే పిల్లలు ఆడుకునేది. ఏదైనా నోట్లో పెట్టుకునే వయసు దాటిన పిల్లకు నిర్మల్ మామిడికాయా, చిలకా ఇచ్చి చూడండి. చిలక ముక్కు అరిగిపోతుంది, రంగు లేస్తుంది, ఆ పిల్ల ఇంకోటి కావాలని ఏడుస్తుంది, నకాషీ ఆయనకు ఇంకో బేరం వస్తుంది. అద్దం వెనక పెట్టిన చిలకకు రెండోది అక్కర్లేదు. చేర్యాల పటాలూ అంతే. ఊరూరా తిరిగి కులపురాణాలు చెప్పే వాళ్లు మూరలకు మూరలు చుట్టీ విప్పీ వాడిన బట్ట అది. చినిగితే కొత్తది రాయించుకునేవాళ్లు. ఇప్పుడు ఫ్రేములో బిగించి సోఫా పైన వేలాడదీస్తున్నాం, ఇక దానికి చావు లేదు, రాసేవాడికి రెండో పనీ లేదు.

వెదురు అల్లే మేదరి వాళ్ల దగ్గర ఈ లెక్క ఇంకా సూటిగా కనబడుతుంది. చాట, గంప, సిబ్బి, తట్ట, ఏదైనా వాడితే అరిగేదే, అరిగితే మళ్లీ కొనేదే. బతుకమ్మ ముందు సిబ్బికని ఒకామె దగ్గర కూర్చున్నాను. మాట్లాడుతూనే కాలి బొటనవేలికి వెదురు కొస తగిలించుకొని కత్తితో పొర తీస్తున్నది, అరిటాకు అంత పలుచగా. చూపు నా మొహం మీదే, కత్తి దాని పని అది చేసుకుపోతున్నది.

“ప్లాస్టిక్ చాట ధర జెప్పి గంతకే ఇయ్యిమంటరు సారూ,” అంది. “గది మిషనుల పడ్డది, గీడ నా ఏలు పడ్డది.”

“మరి ఏమంటవమ్మా వాళ్లను?”

“ఏమంట? గదే కొనుక్కోపోండ్రి అంట. పెండ్లికి మాత్రం మళ్ల నాకాడికే వస్తరు. పెండ్లిల ప్లాస్టిక్ చాట పెట్టరు గద.”

2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల లెక్కలోంచి తీసేశారు. పొలం గట్టున వెదురు పెంచుకొని కొట్టుకోవడానికి ఇప్పుడు ఆ అడ్డంకి లేదు. మేదరి ఆమెకు దీనివల్ల ఏమైనా మారిందా అంటే, ‘ఎవలు పెంచుతున్నరు సారు, అందరు పత్తే పెడుతున్నరు’ అని తేల్చేసింది. నేను వెదురు జోలికి పోకపోవడానికి ఆమె ఒక కారణం. రెండోది పుచ్చు. వెదురులో పిండి పదార్థం ఎక్కువ, నీళ్లలో నానేసి దాన్ని పోగొట్టకపోతే పురుగు చేరి సన్నటి తెల్లపొడి రాలుస్తుంది. ఆ పని తెలిసినవాళ్లే చేయాలి. ఇవ్వాలనుకుంటే ఆమె దగ్గర కొని ఇస్తాను, బేరమాడకుండా. ఒక్క పూట గంటె గుంట తొలిచి చూసుకున్నవాడికి ఇక బేరమాడే నోరు రాదు.

పిల్లలకు ఇచ్చేవాటి దగ్గర ఒక్క జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రాణాలతో పని. వామనగుంతల పీటకు పద్నాలుగు గుంతలు తొలిచి, గింజలుగా గురిగింజలు పోసి ఇవ్వడం చాలామందికి అందంగా తోస్తుంది. ఎర్రగా, నల్ల చుక్కతో, నిజంగానే అందంగా ఉంటాయి. వాటి లోపల అబ్రిన్ అనే విషం ఉంది. గింజ పెంకు పగలకుండా మింగితే చాలాసార్లు అట్లాగే బయటికి పోతుంది. నమిలితే ఒక్క గింజ కూడా పిల్లల ప్రాణం తీయగలదు. దండ గుచ్చడానికి సూదితో తొలిచినవైతే మరీ ప్రమాదం, తొలిచేవాళ్ల వేలికి గుచ్చుకున్నా ప్రమాదమే. చింతగింజలు వేయండి. నల్లగా నిగనిగలాడేవే కావాలంటే తలంటుకున్నాక పారేసే కుంకుడు గింజలున్నాయి, కడిగి ఎండబెడితే పూసలకు తీసిపోవు. అట్లాగే గన్నేరు కట్టెతో గంటెలూ పుల్లలూ చేయొద్దు, ఆ చెట్టు నిలువెల్లా విషమే.

నా స్నేహితుడొకడు బ్యాంకులో పనిచేసి రిటైరైనవాడు, ఈ పనిని లెక్కల్లో తూచి చూపిస్తాడు. “ఆదివారం పొద్దంతా కూసుంటవు. కూలి లెక్క గడితే గా గంటె ఎంత పడ్డట్టు? బజార్ల గంతకు పది గంటెలొస్తయి. నీది పీనాసితనం గాదు, పిచ్చితనం.” కూలి లెక్క నిజమే. అమ్మకానికి పెడితే నా గంటెకు గిట్టుబాటు ధర ఉండదు, ఉండాలని నేను కోరుకోను కూడా. నాకు పెన్షన్ వస్తుంది. పెన్షన్ వచ్చేవాడు కాలక్షేపానికి చేసి అగ్గువకు అమ్మితే దెబ్బ తగిలేది దాని మీదే బతికే వడ్లాయనకు. ఆన్‌లైన్‌లో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లకూ నా జవాబు ఇదే. వాడు మాత్రం ఒప్పుకోడు. పోయినేడు వాళ్లావిడకు ఇచ్చిన అట్లకాడ ఒక పక్క నల్లగా మాడి, అంచు వాలుగా అరిగింది. ఆమె కుడిచేతి వాటం ఆ వాలులో తెలిసిపోతున్నది. ‘ఇంకోటి కావాలట, కొంచెం వెడల్పు ఎక్కువ పెట్టమంటున్నది’ అని వాడే వచ్చి చెప్పాడు. లెక్క సంగతి ఆ రోజు ఎత్తలేదు.

మొన్నామధ్య ఒకాయన ఫోన్ చేశాడు. కొత్తిల్లు కట్టాడు, గృహప్రవేశానికి వచ్చేవాళ్లందరికీ రిటర్న్ గిఫ్టుగా కట్టె వస్తువు ఇవ్వాలట, ప్రతి దాని మీద వాళ్ల దంపతుల పేర్లు లేజరుతో రాయించి, తేదీ వేసి. డబ్బుకు వెనకాడనన్నాడు. మూడు వందల మందికి నేను చేయలేనని చెప్పి, నిర్మల్ పొమ్మన్నాను, చేర్యాల పొమ్మన్నాను, అవి కుదరకపోతే మేదరి వాళ్ల దగ్గర చిన్న గుల్లలు అల్లించి అందులో పండ్లు పెట్టి ఇయ్యమన్నాను. గుల్లల మాట ఆయనకు నచ్చింది. “మరి పేరు ఎక్కడ రాయాలె సార్ గుల్ల మీద?” అన్నాడు. వెదురు బద్ద సన్నగా ఉంటుంది, పేరు పట్టదన్నాను. ఆలోచించుకొని చెప్తానని పెట్టేశాడు.